పది రూపాయల లైసెన్సు, ఎనిమిది రూపాయల పేచీ: పాత రేడియో ఫైళ్లు చదివిన అనుభవం

పాత రేడియో ఫైళ్లు విప్పే ముందు ఒక తెల్లకాగితం మీద నాలుగు అంకెలు రాసి పక్కన పెట్టుకుంటాను: 10, 80, 10, 33,000. మొదటిది ఏడాదికి రేడియో లైసెన్సు రుసుము, రూపాయల్లో. రెండోది ఆ రుసుములో ప్రసారాలు నడిపే ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీకి వచ్చే వాటా, శాతంలో. మూడోది దిగుమతయ్యే వైర్‌లెస్ సామాను ఇన్‌వాయిస్ ధర మీద కంపెనీకి ముట్టాల్సిన శాతం. నాలుగోది బొంబాయి, కలకత్తా స్టేషన్లు రెండూ నడపడానికి నెలకయ్యే ఖర్చు. రాబడి చాలక సాయం అడిగిన ఆ కంపెనీకీ బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానికీ మధ్య 1927 నుంచి 1930 దాకా నలిగిన వ్యవహారానికి వెన్నెముక ఈ నాలుగు అంకెలే. ఇవి తెలియకుండా ఫైల్లోకి దిగితే ఎవరెందుకు మొరపెట్టుకుంటున్నారో, ఎవరెందుకు నాన్చుతున్నారో బోధపడదు. మొదటి విడతలో నాకూ బోధపడలేదు. అందుకే ఈసారి చేసిన పని వరస, పొరపాట్లతో సహా రాస్తున్నాను. ఇదే దారిలో వచ్చేవాళ్లకు కొన్ని రోజులు కలిసొస్తాయి.

ముందు స్థూలంగా జరిగింది. 1923లో బొంబాయి, కలకత్తా రేడియో క్లబ్బులు, 1924 జులై 31 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు చిన్నచిన్న ట్రాన్స్‌మిటర్లతో ప్రసారాలు మొదలుపెట్టాయి. మద్రాసు క్లబ్బుది 40 వాట్లతో మొదలై 200 వాట్లకు పెరిగిన సెట్టు. వీటిని ఆసరా చేసుకుని ప్రభుత్వం ఒక ప్రైవేటు కంపెనీకి దేశంలో ప్రసారాలు నడిపే హక్కు ఇచ్చింది. ఒప్పందం తేదీ 1926 సెప్టెంబర్ 13. బొంబాయి స్టేషన్‌ను 1927 జులై 23న వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ ప్రారంభించాడు, కలకత్తా స్టేషన్ ఆగస్టు 26న మొదలైంది. ఒక్కోటి 1.5 కిలోవాట్లు. బొంబాయి 357.1 మీటర్లు, కలకత్తా 370.4 మీటర్లు. నేటి లెక్కలో 840, 810 కిలోహెర్ట్జ్. 1930 మార్చి 1న కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ పేరుతో నడిపింది. ప్రారంభోత్సవం నుంచి మూతదాకా మూడేళ్లు కూడా నిండలేదు.

ఇక వెతకడం. మొదటి చిక్కు పేర్లతోనే. ఆ రోజుల్లో ఒకేలా వినపడే సంస్థలు కనీసం నాలుగున్నాయి. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ మనకు కావలసింది. ఇండియన్ రేడియో టెలిగ్రాఫ్ కంపెనీ వేరు. అది మార్కోనీ బీమ్ పద్ధతిలో, అంటే ఒకే దిక్కుకు గురిపెట్టిన వైర్‌లెస్‌తో, ఇంగ్లండుకు తంతి సందేశాలు పంపేది. పూనా దగ్గర కిర్కీలో ట్రాన్స్‌మిటర్లు, ధోండ్‌లో రిసీవర్లు. అదీ 1927 జులైలోనే మొదలైంది కాబట్టి తేదీ చూసి ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. 1932లో ఆ బీమ్ వ్యాపారమూ సముద్రపు కేబుల్ వ్యాపారమూ కలిసి ఇండియన్ రేడియో అండ్ కేబుల్ కమ్యూనికేషన్స్ కంపెనీ అయ్యాయి. నాలుగోది పైన చెప్పిన స్టేట్ సర్వీస్. గుమస్తాలు శీర్షికల్లో పూర్తి పేరు రాయకుండా ‘రేడియో కంపెనీ’, ‘వైర్‌లెస్ కంపెనీ’ అని తోసేస్తారు. నేను ఒక పూట పూర్తిగా బీమ్ కంపెనీ కాగితాలు చదివి, ఇందులో శ్రోతల ఊసే లేదేమిటని తల పట్టుకున్నాను. తేల్చుకునే కిటుకు ఒకటుంది. కాగితంలో ‘పదానికి ఇంత’ అని రేటు కనిపిస్తే అది తంతి కంపెనీ, ‘సెట్టుకు ఇంత’ అని కనిపిస్తే ప్రసార కంపెనీ.

రెండో చిక్కు శాఖలది. 1923 నుంచి 1937 వరకు ఈ విషయం ఇండస్ట్రీస్ అండ్ లేబర్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉండేది. రేడియో కోసం వెతుకుతూ కార్మికుల శాఖలోకి వెళ్లాలని ఎవరికి తడుతుంది? 1937లో ఆ శాఖను చీల్చి కమ్యూనికేషన్స్ వేరు చేశారు. లైసెన్సులు అమ్మేది పోస్టాఫీసులు కాబట్టి తపాలా తంతి శాఖ శాఖోపశాఖల్లో కొంత సరుకుంటుంది. డబ్బు అడిగిన ప్రతిసారీ ఆర్థిక శాఖ తలుపు తట్టాలి కాబట్టి అక్కడ కొంత. ప్రసారాల్లో ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అన్నది హోం శాఖ పొలిటికల్ విభాగంలో. ఒకే వ్యవహారం నాలుగు బీరువాల్లో ఉంటుందన్నమాట. ఒక శాఖ ఫైలు చదివి తీర్పు చెప్పేస్తే ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల సామెతే.

ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగు అభిలేఖ్ పటల్ అనే పోర్టల్‌లో ఉంది. ఖాతా తెరవడం ఉచితం. స్కాన్ చేసిన ఫైళ్లు ఇంటి దగ్గరే తెరిచి చదవొచ్చు, మిగతావాటికి జన్‌పథ్ దాకా వెళ్లాలి. వెతికేటప్పుడు కంపెనీ పూర్తి పేరుతో మొదలుపెట్టకండి, ఫలితాలు బాగా తగ్గిపోతాయి. ‘బ్రాడ్‌కాస్టింగ్’ అని ఒక్క మాట వేసి, సంవత్సరాలు 1924 నుంచి 1934 అని బిగించి, తరువాత శాఖ పేరుతో వడకట్టాలి. ఆ మాటను మధ్యలో అడ్డగీత పెట్టి రెండు ముక్కలుగా రాసిన కాలమది, అలా కూడా ఒకసారి వెయ్యాలి. ‘వైర్‌లెస్’, ‘లైసెన్సు’, ‘రిసీవింగ్ సెట్స్’ మూడూ విడివిడిగా వెయ్యాలి. కేటలాగులో ఉన్న సంవత్సరం ఫైలు తెరిచిన సంవత్సరం మాత్రమే. 1929లో తెరిచిన ఫైల్లో 1931 కాగితాలు ఉండడం మామూలే. కాబట్టి కంపెనీ 1930లో మూతపడింది కదా అని 1930 దగ్గర ఆగకండి, 1929 అని ఉన్నదాన్ని వదలకండి.

ఫైలు అడిగే చీటీ మీద శాఖ, విభాగం, సంవత్సరం, నంబరు నాలుగూ ఉండాలి. విభాగం రాయకపోతే అదే నంబరుతో వేరే ఫైలు వస్తుంది, ఎందుకంటే ప్రతి విభాగమూ ఏటా ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టేది. ఇక్కడ కొన్ని చీటీలు ‘ఎన్.టి.’ అని తిరిగొస్తాయి. అంటే ఆ ఫైలు శాఖ నుంచి ఆర్కైవ్స్‌కు అసలు బదిలీ కాలేదు అని. అది చూసి నీరుగారిపోనక్కర్లేదు. ఆ ఫైలు సారాంశం దానికి ముందో వెనకో ఉన్న ఫైలు నోటులో దొరుకుతుంది. ‘గత కాగితాలు’ అని గుమస్తా అంచున నంబర్లు రాసిపెడతాడు. నేను ప్రతి ఫైలు నుంచీ ఆ అంచు నంబర్లు ఒక పట్టికలో ఎక్కించుకుని, మరునాటి చీటీలు వాటితోనే రాశాను. కేటలాగు చూపించని దారి ఆ అంచులు చూపిస్తాయి. పెన్సిలే తీసుకెళ్లండి, పెన్ను లోపలికి రానివ్వరు. ఫోటోల రుసుము, నియమం ఎక్కడికక్కడ వేరు, మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి.

ఫైలు చేతికొచ్చాక దాన్ని రెండు భాగాలుగా చూడాలి. ఒకటి నోటు భాగం, అంటే ఆఫీసులో ఒకరికొకరు రాసుకున్నది. రెండోది ఉత్తరాల భాగం, అంటే బయటికి వెళ్లినవీ బయటి నుంచి వచ్చినవీ. కంపెనీకి పోయిన జవాబు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది. అసలు మాట నోటులో ఉంటుంది. నోటు కింది నుంచి పైకి నడుస్తుంది. ముందు గుమస్తా విషయం పరుస్తాడు, తరువాత సూపరింటెండెంట్, డిప్యూటీ సెక్రటరీ, సెక్రటరీ, చివరికి వైస్రాయ్ కౌన్సిల్ మెంబరు. పైకి పోయేకొద్దీ రాత కురచవుతుంది. గుమస్తా నాలుగు పేజీలు రాస్తే మెంబరు ‘అంగీకారమే’ అని పొడి అక్షరాలతో, తేదీతో ముగిస్తాడు. 1924 నుంచి 1930 దాకా ఆ కుర్చీలో ఉన్నది సర్ భూపేంద్రనాథ్ మిత్ర. పొడి అక్షరాలు ఎవరివో తెలుసుకోవడానికి ఆ ఏటి సివిల్ లిస్టు, అంటే అధికారుల పేర్లూ పదవుల జాబితా, పక్కన పెట్టుకోవాలి.

కురచ మాటలు కొన్ని ముందే నేర్చుకుంటే మంచిది. ‘యు.ఓ.’ అంటే ఒక శాఖ మరో శాఖకు ఫైలే పంపి అభిప్రాయం అడగడం. ‘డి.ఓ.’ అంటే అధికారి పేరు మీద రాసిన సొంత తరహా ఉత్తరం. ‘పి.యు.సి.’ అంటే ఇప్పుడు పరిశీలనలో ఉన్న కాగితం. ‘కె.డబ్ల్యు.’ అంటే అసలు ఫైలుతో కట్టి ఉంచిన అదనపు కట్ట. ఈ కె.డబ్ల్యు. కట్టల్ని చాలామంది తిప్పి చూడరు. చిత్తు లెక్కల కాగితాలు ఉండేది అక్కడే. ఇంకో చిన్న జాగ్రత్త: ఊదారంగు కార్బన్ నకళ్లలో ‘నెలకు’ అనే పొడి అక్షరాలూ ‘ఏడాదికి’ అనే పొడి అక్షరాలూ వెలిసిపోయి ఒకేలా కనిపిస్తాయి. ఖర్చు పన్నెండు రెట్లు తప్పే చోటు అదే. అనుమానం వస్తే పక్కనున్న మరో అంకెతో గుణించి సరిచూసుకోవాలి.

ఇప్పుడు లెక్క. నేను ఈ మొత్తం పనిలో ఎక్కువసేపు కూర్చున్నది దీని దగ్గరే.

కంపెనీ అధీకృత మూలధనం 15 లక్షలు. చేతికొచ్చింది 6 లక్షలు. అందులో రెండు స్టేషన్లు కట్టడానికే 4.5 లక్షలు పోయాయి. మిగిలింది లక్షన్నర. నెలకు 33,000 ఖర్చంటే ఆ లక్షన్నర నాలుగున్నర నెలల తిండి. బొంబాయి స్టేషన్ జులై చివర మొదలైంది కదా, వేరే రాబడి లేకపోతే క్రిస్మస్‌కు ముందే గల్లాపెట్టె ఖాళీ. ఆదిలోనే హంసపాదు అంటే ఇదే. ఇక రాబడి చూద్దాం. 1927 చివరికి దేశంలో లైసెన్సులు 3,594. ఒక్కోదానికి కంపెనీ వాటా ఎనిమిది రూపాయలు, అంటే 28,752. ఒక నెల ఖర్చు కూడా రాదు. 1928 చివరికి 6,152 లైసెన్సులు, 49,216 రూపాయలు. 1929 చివరికి 7,775 లైసెన్సులు, 62,200 రూపాయలు. 33,000 లెక్కన ఏడాది ఖర్చు 3,96,000. కంపెనీ తరువాత పొదుపు చేసి నెల ఖర్చును 24,000కు దించింది. అప్పటికీ ఏడాదికి 2,88,000. లైసెన్సు వాటాతోనే బతకాలంటే మొదటి ఖర్చుకు 49,500 లైసెన్సులు కావాలి, తగ్గించిన ఖర్చుకు 36,000 కావాలి. వచ్చినవి ఎనిమిది వేల లోపు.

ఈ గుణకారంలో ఒక లొసుగు ఉంది, చెప్పే తీరాలి. డిసెంబర్ 31 నాటి లెక్క ఆ రోజుకు చెల్లుబాటులో ఉన్న లైసెన్సులది. ఏడాది పొడవునా వసూలైన రుసుము సరిగ్గా అంతే అని అనుకోకూడదు. మార్చిలో తీసుకుని మళ్లీ కట్టనివాడు ఉంటాడు, డిసెంబర్‌లో కొత్తగా తీసుకున్నవాడు ఉంటాడు. పైగా ప్రభుత్వ వార్షిక నివేదికలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క కడతాయి. రెండు చోట్ల రెండు అంకెలు చూసి ఏదో ఒకటి తప్పని కొట్టెయ్యకండి. అంకె పక్కన తేదీ రాయకుండా పట్టికలో ఎక్కించకండి. నేను ఎక్కించాను, మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది.

రెండో రాబడి దిగుమతి సామాను మీద వచ్చే, ట్రిబ్యూట్ అనబడే 10 శాతం. కప్పం అన్న అర్థం వచ్చే ఈ మాటను దుకాణదారులు ఎంత ప్రేమగా పలికి ఉంటారో ఊహించుకోవచ్చు. 1929 లోటు పూడ్చాలంటే ఎంత దిగుమతి జరగాలో వెనక్కి లెక్కకట్టి చూశాను. 2,88,000 నుంచి 62,200 తీసేస్తే 2,25,800. పది శాతం చొప్పున అది రావాలంటే ఏడాదికి 22,58,000 రూపాయల ఇన్‌వాయిస్ విలువ గల సామాను దిగాలి, దిగినదంతా నిజాయితీగా లెక్కలోకి రావాలి. ఎనిమిది వేల లైసెన్సుల దేశానికి అంత సామాను ఎలా సరిపోతుంది? ఒక్కో లైసెన్సుకు ఏటా 290 రూపాయల దిగుమతి అన్నమాట. ఆ రోజుల్లో చాలామంది విడిభాగాలు కొనుక్కుని ఇంట్లోనే సెట్టు కట్టుకునేవాళ్లు. కండెన్సరు, తీగచుట్ట, హెడ్‌ఫోను వేరువేరుగా దిగితే అది రేడియో సామానా, మామూలు ఎలక్ట్రికల్ సామానా అని తేల్చడం కష్టం. ఎగ్గొట్టడానికి దారి ట్రిబ్యూట్ రూపంలోనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లైసెన్సు అమ్మేది పోస్టాఫీసు. రేవులో సామాను చూసేది కస్టమ్స్. లైసెన్సు లేనివాణ్ని పట్టుకోవాల్సింది పోలీసు. మూడూ ప్రభుత్వానివే. కంపెనీ చేతిలో ఉన్నది మైకు ఒక్కటే. ఖర్చు మీద అదుపు ఉంది, రాబడి మీద లేదు. నా దృష్టిలో ఒప్పందం అసలు లోపం ఇదే. కంపెనీ కూడా దీన్ని చూసుకోకుండా సంతకం పెట్టింది కాబట్టి దాన్ని అమాయకురాలిగా చూపించే రాతలు నాకు నచ్చవు. ఇంగ్లండులో ఇదే పద్ధతి నడిచిందిగదా అన్నది వాళ్ల ధీమా. అక్కడ లైసెన్సులు అప్పటికే 20 లక్షలు దాటాయి. రుసుము పది షిల్లింగులు. రూపాయికి షిల్లింగు ఆరు పెన్నీల మారకం చొప్పున అది 6 రూపాయల 10 అణాల 8 పైలు (అణాలో పన్నెండో వంతు ఒక పై). అంటే మనవాడు ఇంగ్లీషువాడికన్నా ఎక్కువ కట్టి, తక్కువ వినాలి. 1.5 కిలోవాట్ల స్టేషను మామూలు క్రిస్టల్ సెట్టుకు అందేది సుమారు 30 మైళ్లు. దూరం నుంచి వినాలంటే వాల్వు సెట్టు, ఎత్తైన ఏరియల్ కావాలి, వేసవి ఉరుముల చిటపటలు భరించాలి. బెజవాడలోనో రాజమండ్రిలోనో ఉన్నవాడు పది రూపాయలు కట్టి వినేది ఎక్కువగా ఆ చిటపటలే.

తరువాత చదవాల్సింది చట్టం. ఫైల్లోని వాదం సగం చట్టంలోని ఒక్క క్రియాపదం మీద నడుస్తుంది. 1885 టెలిగ్రాఫ్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం తంతి వ్యవస్థ నెలకొల్పడం, నిర్వహించడం, నడపడం ప్రభుత్వానికే చెందిన హక్కు, మిగతావాళ్లకు లైసెన్సు కావాలి. 1914 సవరణతో వైర్‌లెస్ కూడా అందులోకి వచ్చింది. 20వ సెక్షన్ శిక్ష కూడా ఆ మూడు పనులకే. పెన్సిలుతో ఆ మూడు క్రియల కింద గీతలు గీయండి: నెలకొల్పడం, నిర్వహించడం, నడపడం. ‘దగ్గర ఉంచుకోవడం’ అందులో లేదు. కాబట్టి మేడ మీద ఏరియల్ కనిపించినా, గదిలో సెట్టు కనిపించినా, ‘పాడైపోయింది, మూలన పడేశాను’ అంటే కేసు నిలబెట్టడం కష్టం. వాడుతుండగా పట్టుకోవాలి. హెడ్‌ఫోను పెట్టుకుని గదిలో కూర్చుని వినేవాణ్ని వాడుతుండగా ఎవరు పట్టుకుంటారు?

దీనికి మందు 1933లో వచ్చింది. ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం, 1933లో 17వది. అమలు 1934 జనవరి 1 నుంచి. 3వ సెక్షన్ సూటిగా ‘స్వాధీనంలో ఉంచుకోవడం’ అన్న మాట వాడింది. 6వ సెక్షన్ ప్రకారం ట్రాన్స్‌మిటర్ కాని సెట్టుకు మొదటి తప్పుకు 100 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 250 దాకా జరిమానా. సెట్టు ఎవరి ఇంట్లో, ఎవరి అదుపులో ఉంటే వాళ్లదేనని కోర్టు అనుకోవచ్చు అని కూడా అందులోనే ఉంది. ‘నాది కాదు, మా బావమరిది వదిలేసి వెళ్లాడు’ అనే దారి మూసేశారు. సోదాకు 7వ సెక్షన్. ఈ రెండు చట్టాల్నీ పక్కపక్కన పెట్టి చదివితే కంపెనీకి ఏ ఆయుధం లేకపోయిందో ఒక్క పేజీలో కనిపిస్తుంది. కంపెనీ మూతపడ్డాక మూడేళ్ల పది నెలలకు ఆ ఆయుధం అమల్లోకి వచ్చింది. ఈలోగా ప్రసారాల గల్లాపెట్టె కంపెనీది కాకుండా ప్రభుత్వానిదే అయింది. కాకతాళీయం అని నేననుకోను.

అలాగని ప్రభుత్వం కంపెనీని కావాలని ముంచిందని రాసెయ్యడం కూడా తొందరపాటే. ఆ మాట అనాలంటే, తరువాత ఏం జరిగిందో చూడాలి. కంపెనీ సాయం అడిగితే దొరకలేదు, 1930 మార్చిలో చేతులెత్తేసింది. ప్రభుత్వం ఏప్రిల్ నుంచి తానే నడిపి, రెండేళ్లు కూడా నిండకుండా 1931 అక్టోబర్ 9న తానూ మూసేస్తానంది. ఎక్కువ అలజడి బెంగాల్‌లో జరిగింది. నవంబర్ 23న నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. 1932 మే 5న కొనసాగించాలని స్థిరపరిచారు. అదే ఏడాది రేడియో సామాను మీద దిగుమతి సుంకం 25 శాతం నుంచి 50కి రెట్టింపైంది. అంటే కంపెనీని నలిపిన అంకెలే ప్రభుత్వాన్నీ నలిపాయి. తేడా ఒక్కటే, ప్రభుత్వం సుంకం పెంచుకోగలదు, చట్టం చేసుకోగలదు.

లైసెన్సుల వరస కూడా ఇదే చెబుతుంది. 1930 చివర 7,719, అంటే కంపెనీ పోయిన ఏడాది కొంచెం తగ్గింది. 1931లో 8,056, 1932లో 8,557. తరువాత 1933లో 10,872, 1934లో 16,179. ఈ గెంతును పూర్తిగా కొత్త చట్టం ఖాతాలో వెయ్యకూడదు. 1932 డిసెంబర్‌లో లండన్ నుంచి బి.బి.సి. ఎంపైర్ సర్వీస్ షార్ట్‌వేవ్‌లో మొదలైంది, ఇక్కడి యూరోపియన్లు సెట్లు కొన్నారు. 1933 పెరుగుదల చట్టం అమలుకు ముందుదే కదా. ఏది ఎంత అని విడదీయాలంటే నెలవారీ లైసెన్సుల లెక్క కావాలి. ఫైల్లో కనిపిస్తే వెంటనే నకలు తీసుకోండి. 1933 బిల్లు కాలానికి శాఖ మెంబరు సర్ ఫ్రాంక్ నాయిస్, నోటుల్లో పొడి అక్షరాలు మారతాయి. ఆ బిల్లు మీద సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీ చర్చల సంపుటాలు అచ్చులో ఉన్నాయి, ఫైలు నోటుకన్నా సులువుగా చదవొచ్చు. ప్రశ్నోత్తరాల భాగాన్ని వదలకండి. సభలో సభ్యుడు ప్రశ్న వేస్తే జవాబు తయారు చెయ్యడానికి గుమస్తా తవ్వి తీసిన అంకెలు అక్కడ ఉంటాయి.

అంకెలన్నీ ఒకచోట కావాలంటే 1939 మార్చి వరకు సాగే ప్రభుత్వ ప్రసార ప్రగతి నివేదిక అచ్చయి ఉంది. ఆలిండియా రేడియో కంట్రోలర్ లయొనెల్ ఫీల్డెన్ హయాంలోది. చక్కగా రాశారు. అయితే అది గెలిచినవాడు రాసిన చరిత్ర అని గుర్తుపెట్టుకుని చదవాలి. కంపెనీ గొంతు వినాలంటే దాని పత్రిక ఇండియన్ రేడియో టైమ్స్ చూడాలి, 1927 జులై నుంచి వచ్చింది. జనరల్ మేనేజర్ ఎరిక్ డన్‌స్టన్ బి.బి.సి. నుంచి వచ్చినవాడు కాబట్టి లండన్‌తో సంబంధించిన కాగితాలకు ఇంగ్లండులో రెడింగ్ దగ్గర కావర్‌షమ్‌లోని బి.బి.సి. లిఖిత ఆర్కైవ్స్, లండన్ నిర్ణయాలకు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు. ఇక్కడి ఫైల్లో ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు తంతి ఇచ్చాం’ అని ఉంటే దాని రెండో కొస అక్కడ ఉంటుంది.

మనవైపు సంగతికి వస్తే, కంపెనీ మద్రాసులో స్టేషను పెట్టలేదు. మద్రాసు క్లబ్బు 1927 అక్టోబర్‌లో డబ్బు చాలక ఆగిపోయింది. దాని సామాను మద్రాసు కార్పొరేషన్‌కు చేరింది. కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1న సొంత ప్రసారాలు మొదలుపెట్టింది. ఢిల్లీ ప్రభుత్వం బొంబాయి, కలకత్తా స్టేషన్లను చేతిలోకి తీసుకున్నదీ అదే రోజున. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చేదాకా ఆ కార్పొరేషన్ స్టేషనే దిక్కు. దీని కాగితాలు ఢిల్లీలో వెతికి ప్రయోజనం తక్కువ, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో స్థానిక స్వపరిపాలన శాఖ కింద వెతకాలి. రేడియో అని కాక మునిసిపల్ వ్యవహారంగా. హైదరాబాదు సంగతి పూర్తిగా వేరు. బ్రిటిష్ ఇండియా చట్టం నిజాం రాజ్యంలో చెల్లదు. దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో దొరికే ఆ కాలపు ఫైళ్లలో చాలాభాగం ఉర్దూలో ఉంటాయి, తేదీలు నిజాం పాలనలో వాడిన ఫసలీ కాలెండర్‌లో ఉంటాయి. ఉర్దూ చేతిరాత చదివేవాళ్లను వెంటబెట్టుకోకుండా వెళ్తే కట్టలు చూసి తిరిగి రావడమే.

తెలుగు పత్రికలు ఈ పేచీని ఎలా చూశాయో తెలియాలంటే ఆంధ్రపత్రిక దినపత్రిక పాత సంచికలు తిప్పాలి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించినవాటిలో మాటలు వెతికే వీలుండదు, బొమ్మలే. కాబట్టి తేదీ పట్టుకుని వెళ్లాలి. 1927 జులై 24 నుంచి మూడు రోజులు, 1930 మార్చి మొదటి వారం, 1931 అక్టోబర్ 10 నుంచి నవంబర్ చివరిదాకా, 1932 మే 6 నుంచి ఒక వారం. శీర్షికల్లో ‘రేడియో’ కోసం మాత్రమే చూడకండి. ‘నిస్తంత్రి’, ‘వైర్‌లెస్సు’, ‘ఆకాశవార్త’ వంటి మాటల మీద కన్ను వెయ్యండి. వార్త మొదటి పేజీలో దొరక్కపోతే తంతివార్తల పేజీలో, అసెంబ్లీ కార్యక్రమాల కింద ఆరేడు పంక్తులుగా చూడండి.